సుముహూర్తం ఏ క్షణానిది? రెండు భాషల ఇళ్లు కలిసే పెళ్లి గురించి

గత వైశాఖంలో మా మేనకోడలి పెళ్లి రాజమహేంద్రవరంలో జరిగింది. పెళ్లికొడుకుది కోల్‌కతా. పెళ్లికి రెండు నెలల ముందు రెండిళ్ల పెద్దలం వీడియో కాల్‌లో మాట్లాడుకుంటుండగా పెళ్లికొడుకు మేనత్తగారు ఎంతో మర్యాదగా ఒక మాట అడిగారు: "ముహూర్తం రాత్రి 8 గంటల 41 నిమిషాలకు అన్నారు కదా, సరిగ్గా ఆ నిమిషానికి ఏం జరుగుతుంది?" జీలకర్ర బెల్లం పెడతారని మా అక్క చెప్పింది. ఆవిడ ఆ మాటను తమవాళ్లకు బెంగాలీలో చెప్పి, వాళ్ల మాట విని, మళ్లీ మావైపు తిరిగి, "అది పెట్టగానే పెళ్లయిపోయినట్టేనా? మరి సిందూరం ఎప్పుడు?" అన్నారు.

ఆ ప్రశ్నకు మా దగ్గర వెంటనే జవాబు లేదు. రెండు ప్రాంతాల, రెండు భాషల ఇళ్లు వియ్యమందుకునేటప్పుడు వచ్చే చిక్కులన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయని నాకు తరువాత అర్థమైంది. తెలుగువారింట సుముహూర్తం అంటే వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం ఉంచే క్షణం. గట్టిమేళం మోగేది అప్పుడే, మంగళసూత్రధారణ ఆ తరువాతిది. తమిళుల ఇంట ముహూర్తం తాళి కట్టే క్షణానిది. బెంగాలీలకు మంగళసూత్రమే లేదు. శాస్త్రరీత్యా వాళ్ల తంతులో అనేక అంగాలున్నా, వరుడు వధువు పాపిట సిందూరం దిద్దాక గాని వాళ్లింటి ఆడవాళ్లకు పెళ్లయినట్టు అనిపించదు. సిక్కుల పెళ్లి తంతు ఆనంద్ కారజ్‌లో గురుగ్రంథ సాహిబ్ చుట్టూ నాలుగో లావా, అంటే ప్రదక్షిణ, పూర్తయితే పెళ్లయినట్టు. పెళ్లి అయిందని ఏ ఇంట ఏ క్షణంలో ఊపిరి పీల్చుకుంటారో తెలియకుండా రెండు తంతులను కలపబోతే, ఒక ఇంటివాళ్లు తమ పిల్లవాడికి పెళ్లి కాలేదన్న వెలితితోనే భోజనానికి లేస్తారు.

ఇప్పుడు చాలామంది తమ పెళ్లిని తమదిగా చేసుకోవాలని కోరుకుంటున్నారు. తాము పుట్టిన ఇంటి ఆచారాలూ, మాట్లాడే భాషలూ అందులో కనబడాలంటున్నారు. ఇది మంచి కోరిక. కాని అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకొచ్చి చేర్చడంతో ఆ కోరిక నెరవేరదు. పెళ్లి తంతులో చట్టం అడిగేది, గృహ్యసూత్రాలు (ఇంటి తంతుల విధానం చెప్పే ప్రాచీన గ్రంథాలు) చెప్పినది, ఊరూ ఇల్లూ నిలుపుకుంటూ వచ్చిన ఆచారం, ఈమధ్య సంబరం కోసం వచ్చి చేరినది అని నాలుగు పోగులు కలిసి పేనుకుని ఉంటాయి. ఏ పోగు ఏదో విడదీసి చూసుకుంటే, దేన్ని కదపకూడదో, దేన్ని కదపవచ్చో చాలావరకు తేలిపోతుంది.

చట్టం ఏమడుగుతుంది

ముందు చట్టం సంగతి, ఎందుకంటే చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షను ప్రకారం, వధూవరులలో ఏ ఒక్కరి ఆచారం ప్రకారం పెళ్లి జరిగినా అది చెల్లుతుంది. ఆ ఆచారంలో సప్తపది భాగమై ఉంటే ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుంది. ఇందులో "ఏ ఒక్కరి" అన్న మాట గమనించదగ్గది. రెండిళ్ల తంతులనూ మొదటి నుంచి చివరిదాకా జరిపి తీరాలని చట్టం ఎక్కడా అడగలేదు. ఒకరి పద్ధతి పూర్తిగా నడిస్తే చాలు, రెండోవారిది ప్రేమకొద్దీ, గౌరవంకొద్దీ చేర్చుకునేది. మా రెండిళ్ల మధ్య సగం బరువు ఈ ఒక్క సంగతి తెలియగానే దిగిపోయింది.

అయితే ఏ తంతూ లేకుండా ధ్రువపత్రం మాత్రమే తెచ్చుకుంటే హిందూ వివాహ చట్టం కింద అది పెళ్లి కాదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. హిందూ వివాహం ఆటపాటలకూ విందు భోజనాలకూ పరిమితమైన వేడుక కాదనీ, విధి ప్రకారం తంతు జరగనప్పుడు రిజిస్ట్రేషను దాన్ని వివాహంగా మార్చలేదనీ చెప్పింది. అదే ఏడాది మార్చిలో అలహాబాద్ హైకోర్టు కన్యాదానం ఈ చట్టం కింద తప్పనిసరి అంగం కాదని చెప్పింది. ఈ రెండో మాట దగ్గరకు మళ్లీ వస్తాను.

మతాలు వేరైనప్పుడు సంగతి పూర్తిగా మారుతుంది. హిందూ వివాహ చట్టం వధూవరులిద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఆ చట్టం దృష్టిలో హిందువుల కిందికే వస్తారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, ఒక హిందువూ ఒక క్రైస్తవుడూ గుడిలో చేసుకున్న పెళ్లి ఈ చట్టం కింద చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. షెడ్యూల్డు తెగలకు, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఈ చట్టం వర్తించదు. కోయ, గోండు, లంబాడా ఇళ్ల పెళ్లిళ్లకు వారి ఆచారమే ప్రమాణం. మతాలు వేరైన జంటకు తగిన దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులు నివసించిన జిల్లాలో నోటీసు ఇచ్చి, మరో 30 రోజులు ఆగాలి. ఆ తరువాత పెళ్లి ఏ రూపంలో జరుపుకున్నా చట్టానికి అభ్యంతరం లేదు. కాని వివాహ అధికారి, ముగ్గురు సాక్షుల ఎదుట ఇద్దరూ ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని చెప్పాలి, అదీ ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా. భాష గురించి ఇంత సూటిగా మాట్లాడిన ఆ నిబంధనను మనం పట్టించుకోలేదని నాకు అనిపిస్తుంది. వధూవరులకు తాము అంటున్న మాట అర్థం కావాలని చట్టమే కోరుతోంది.

సొంత మాటల్లో ప్రమాణాలు రాసుకుని, పురోహితుడు లేకుండా, బంధుమిత్రుల ఎదుట పెళ్లి చేసుకోవాలనుకునే తెలుగు జంటలు తమిళనాడు ఉదాహరణ చెబుతుంటారు. అక్కడ 1967లో హిందూ వివాహ చట్టానికి 7ఏ సెక్షను చేర్చి, ఆత్మగౌరవ వివాహాలకు చట్టబద్ధత ఇచ్చారు. దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా, అర్థమయ్యే భాషలో ఒకరినొకరు స్వీకరించినట్టు చెప్పుకున్నా చాలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అలాంటి సెక్షను లేదు. కాబట్టి మన దగ్గర అలా చేసుకునేవారు ప్రత్యేక వివాహ చట్టం కింద కూడా నడవడం క్షేమం.

శాస్త్రం వదిలిపెట్టిన చోటు

ఇక రెండో పోగు. పెళ్లి తంతును మార్చడం అపచారమనే పెద్దలకు నేను చూపించేది ఆశ్వలాయన గృహ్యసూత్రంలోని ఒక మాట. వివాహ ప్రకరణం మొదట్లోనే ఆయన, జనపదాల ధర్మాలూ గ్రామాల ధర్మాలూ రకరకాలుగా ఉంటాయి, పెళ్లిలో వాటిని పాటించాలి, అందరికీ సమానమైనది మాత్రం ఇప్పుడు చెబుతాను అంటాడు. తెలుగు వైదిక కుటుంబాలు ఎక్కువగా అనుసరించే ఆపస్తంబుడు ఇంకొంచెం ముందుకు వెళ్లి, ఆచారంగా వచ్చే తంతులను స్త్రీలను అడిగి తెలుసుకోవాలంటాడు. అంటే సూత్రకారులు తాము చెప్పినదాని చుట్టూ చోటు వదిలే వెళ్లారు. ఆ చోటును ఊరూరా ఇల్లిల్లూ, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్లు, నింపుకుంటూ వచ్చారు.

ఆ దృష్టితో చూస్తే మనం ప్రాణప్రదంగా భావించేవాటిలో చాలా భాగం ఆ చోటులో మొలిచినవే. పాణిగ్రహణం, లాజహోమం, సన్నికల్లు తొక్కించడం, సప్తపది, ధ్రువారుంధతీ దర్శనం సూత్రాల్లో ఉన్నాయి. మంగళసూత్రం గృహ్యసూత్రాల్లో లేదు, "మాంగల్యం తంతునానేన" అనేది తరువాతి కాలపు శ్లోకం. జీలకర్ర బెల్లమూ దేశాచారమే. దేశాచారం అన్నంత మాత్రాన తక్కువదని కాదు, సూత్రకారుడే దాన్ని పాటించమన్నాడు. కాని ఒక దేశాచారం ఇంకో దేశాచారం పక్కన పీట వేసుకుని కూర్చోవడానికి శాస్త్రం అడ్డురాదని దీనివల్ల తెలుస్తుంది.

మా పంతులుగారు రెండో మనిషి. మొదట మాట్లాడుకున్నాయన, బెంగాలీ తంతు ఏదీ తన మంటపంలో జరగడానికి వీల్లేదని చెప్పి తప్పుకున్నారు. రెండో ఆయన కోల్‌కతా పురోహితుడితో ఫోనులో గంటన్నర మాట్లాడారు. ఇద్దరికీ ఒకరి మాతృభాష ఒకరికి రాదు, హిందీ అంతంతమాత్రం. మంత్రాల మొదటి పదాలు చెప్పుకుంటూ పోయారు. ఒకరు ఒక మంత్రం ఎత్తుకుంటే రెండోవారు అందుకునేవారు. ఫోను పెట్టేశాక మా పంతులుగారు కాగితం మీద మూడు గీతలు గీసి, "ఇవి రెండిళ్లకూ ఉమ్మడి, ఇవి మీవి, ఇవి వాళ్లవి" అని పంచి రాసిచ్చారు. ఆ కాగితం మాకు పెళ్లంతా దారి చూపింది.

ఉమ్మడివి చూసి ఆశ్చర్యపోయాం. లాజహోమంలో వధువు దోసిట్లో పేలాలు పోసేది ఆమె అన్నదమ్ముడే, అక్కడా ఇక్కడా. సప్తపది ఇద్దరికీ ఉంది. గోత్రమూ, మూడు తరాల పేర్లూ చెప్పడం ఇద్దరికీ ఉంది. మన పెళ్లిలో వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర, వాళ్ల పెళ్లిలో వధువు తమలపాకులు ముఖానికి అడ్డం పెట్టుకుని, తరువాత తీసి వరుడిని చూసే శుభదృష్టి, రెండూ గృహ్యసూత్రాల్లో వధూవరులు ఒకరినొకరు చూసుకునే సమీక్షణం అనే అంగాన్ని గుర్తుచేసేవే. అప్పుడు చదివే ఋగ్వేద మంత్రం "అఘోరచక్షుః" అని మొదలవుతుంది. క్రౌర్యం లేని చూపుతో చూడు అని దాని భావం. ఒకే మంత్రానికి మన ఊళ్లో పట్టుగుడ్డ అడ్డమైంది, వాళ్ల ఊళ్లో ఆకు అడ్డమైంది.

ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని మేము ఒక పద్ధతికి వచ్చాం. రెండు ఆచారాలు ఒకే పని చేస్తుంటే వాటిలో ఒకటి చాలు. ఒక ఆచారం చేసే పనిని ఇంకేదీ చేయలేకపోతే దాన్ని తుంచకుండా ఉంచాలి. మనకు వధువును మేనమామ గంపలో కూర్చోబెట్టి తెస్తాడు. వాళ్లకు అన్నదమ్ములు పీట మీద కూర్చోబెట్టి ఎత్తుకొచ్చి వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పుతారు. రెండింటి పనీ ఒకటే, పుట్టింటివాళ్లు పిల్లను తమ చేతులతో మోసుకొచ్చి అప్పగించడం. మేనమామను నేనే కాబట్టి గంప ఉండాలని కోరాను, పీట వదిలేయడానికి వాళ్లు ఒప్పుకున్నారు. జీలకర్ర బెల్లానికీ సిందూరానికీ మాత్రం ప్రత్యామ్నాయం లేదు. రెండూ పూర్తిగా, తమ తమ వేళల్లో జరిగాయి.

8:41కి ఏం జరిగిందో కొంచెం దగ్గరగా చెప్పాలి. నూరిన జీలకర్రా బెల్లమూ కలిపిన ముద్దను తమలపాకులో పెట్టి ఇద్దరి చేతులకూ ఇచ్చారు. మధ్యలో తెర ఉంది. తెరకు అవతల మా మేనకోడలి కుడిచేయి వరుడి నడినెత్తి మీద, అతని చేయి ఆమె నడినెత్తి మీద. ఆమె కళ్లకు అడ్డంగా రెండు తమలపాకులను పక్కనే నిలబడ్డ వదిన వరస అమ్మాయి పట్టుకుంది, ఎందుకంటే పెళ్లికూతురికి చేయి ఖాళీ లేదు. సన్నాయీ డోలూ గట్టిమేళం అందుకున్నాయి. అదే క్షణంలో అటువైపు నుంచి శంఖం, దానితో పాటు పదిమంది ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ చేసే ఉలూధ్వని లేచాయి. తెర దిగింది, ఆకులు పక్కకు జరిగాయి, ఆమె చూసింది. బెల్లం పాకం అతని చెవి పక్కగా కారుతోంది. మేనత్తగారు నా వైపు తిరిగి, "ఇప్పుడు తెలిసింది" అన్నారు.

తేదీ కుదరడమే ముందు గండం అయింది. మనది చాంద్రమానం, వాళ్లది సౌరమానం. ఉగాది దాటాక చైత్రంలో మనకు పెళ్లిళ్లుంటాయి, వాళ్లు తమ చైత్రంలో చేయరు. ఆషాఢంలో మనం చేయం, వాళ్లు చేస్తారు. ఇద్దరికీ మంచిదైన వైశాఖంలో, వాళ్లకు అలవాటైన రాత్రి లగ్నంలో, మా పంచాంగం ఒప్పిన ముహూర్తం వెతికి పెట్టుకున్నాం.

బట్టల విషయంలో ఒకే ఒక్క చిక్కు వచ్చింది, అదీ గట్టిదే. మధుపర్కాలు తెల్లనివి. పెళ్లిపీటల మీద తెల్లచీర అనగానే వాళ్ల నాయనమ్మగారికి గుండె ఝల్లుమంది. బెంగాలీ పెళ్లికూతురు ఎర్రటి బనారసీ కట్టుకుంటుంది, ఉత్త తెలుపు ఆవిడ తరానికి వైధవ్యపు రంగు. మా అక్క మాటలతో ఒప్పించాలని చూడకుండా, మధుపర్కం చీర కొని ఫొటో తీసి పంపింది. తెల్లని నూలు మీద వెడల్పాటి ఎర్ర అంచు. అది చూసి ఆవిడ, ఇది మా పూజల్లో ముత్తయిదువలు కట్టుకునే చీరే కదా అన్నారట. విందు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వాళ్ల ఆచారం ప్రకారం సారెతో పాటు అలంకరించిన రోహూ చేప రావాలి, మంటపంలోకి తేకుండా విడిదింట్లో ఇచ్చారు. మన దగ్గర శీలావతి అని పిలిచే ఆ చేప కొల్లేరు, భీమవరం చెరువుల నుంచి లారీలకు లారీలు బెంగాలుకు వెళ్లేదే కాబట్టి, ఆ చేప తన ఊరికే తిరిగి వచ్చినట్టయింది.

మాట అర్థం కావడం

ఆచారాలు సర్దుకోవడం కంటే భాష కష్టం. దానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. మంత్రం సంస్కృతంలో ఉండటం రెండు భాషల పెళ్లిలో ఒక మేలు, ఎందుకంటే అది ఎవరి భాషా కాదు, ఇద్దరిదీ. కాని ఎవరికీ అర్థం కాకపోవడం ఆ మేలుకు అవతలి వైపు. తెలుగునాట ఈ బాధ కొత్తది కాదు. రాజమహేంద్రవరంలోనే 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, పురోహితులూ వంటవాళ్లూ దొరకని స్థితిలో కూడా ఆయన వైదిక తంతును వదల్లేదు, ఆ తంతుకు ఎవరు అర్హులన్నదాన్ని మార్చారు. ఆ తరువాతి తరంలో త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) భాషనే మార్చారు. "వివాహవిధి" పేరుతో తెలుగులో పెళ్లి తంతు రాసి, తానే పురోహితుడై పెళ్లిళ్లు జరిపించారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమార్తె పెళ్లి 1948 మార్చిలో సేవాగ్రాంలో జరిగినప్పుడు ప్రమాణంలో దేవుడి పేరు స్థానంలో సత్యం అన్న మాట వచ్చింది. ముగ్గురూ మూడు చోట్ల చేయి పెట్టారు. పెళ్లిని తమ నమ్మకానికి తగినట్టు మలచుకోవాలనే నేటి జంటల ముందు ఇంత పెద్ద వరస ఉందని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

మేము ఎంచుకున్నది మంత్రాన్ని ఉంచి, దాని అర్థాన్ని రెండు భాషల్లో వినిపించడం. అన్నింటికీ వ్యాఖ్యానం చెబితే పెళ్లి ఉపన్యాసమైపోతుంది. మైకు పట్టుకుని మంత్రం మంత్రానికీ కథలు చెప్పే పెళ్లిళ్లలో వధూవరులు పీటల మీద వాడిపోవడం చూశాను. అందుకని మూడు చోట్లు మాత్రమే తీసుకున్నాం: శుభదృష్టి, పాణిగ్రహణం, సప్తపది. ఒక కాగితానికి ఒకవైపు తెలుగు లిపిలో, రెండోవైపు బెంగాలీ లిపిలో అచ్చువేయించి, తాంబూలపు సంచులతో కాక, ముందే కుర్చీల మీద పెట్టించాం. అనువాదం ఇద్దరు అమ్మలు చేశారు. మా అక్కకు బెంగాలీ రాదు, వియ్యపురాలికి తెలుగు రాదు. మధ్యలో పిల్లలు కూర్చుని, ఒక్కో మాటకు పూటలు పూటలు పట్టింది.

సప్తపది మంత్రాలు చిన్నవి. మొదటి అడుగు అన్నం కోసం, రెండోది బలం కోసం, మూడోది వ్రతం కోసం, నాలుగోది సుఖం కోసం, అయిదోది పశుసంపద కోసం, ఆరోది ఋతువుల కోసం, ఏడోది యజ్ఞం నడిపే హోతల కోసం. ప్రతి అడుగుకూ విష్ణువు నీ వెంట నడుచుగాక అని ఉంటుంది. ఏడు అడుగులయ్యాక వరుడు అనే మాట "సఖా సప్తపదా భవ". ఏడడుగులు నడిచావు, నాకు నేస్తానివి కా అని. ఈ "సఖా" దగ్గర ఇద్దరు అమ్మలూ చాలాసేపు ఆగారట. అర్ధాంగి, ధర్మపత్ని, సహధర్మచారిణి వంటి పెద్ద మాటలు రాసి కొట్టేసి, చివరికి మా అక్క "నేస్తం" అని రాసింది, ఆవిడ "బంధు" అని రాసింది. బెంగాలీలో బంధు అంటే చుట్టం కాదు, స్నేహితుడు. తెలుగువాళ్లెవరైనా దాన్ని చుట్టమని చదువుకుంటే కూడా తప్పేమీ లేదని మా అక్క అంది.

కన్యాదానం దగ్గర మాత్రం సులువుగా గడవలేదు. నేను దానం ఇచ్చే వస్తువును కాను అని మా మేనకోడలు మొదటి రోజే చెప్పింది. మా బావగారు నొచ్చుకున్నారు. కూతురి పాదాలు, అల్లుడి పాదాలు కడగడం ఆయనకు ఎప్పటినుంచో మనసులో ఉన్న కోరిక. చట్టం దీన్ని తప్పనిసరి అనడం లేదని చెప్పుకున్నాం కాబట్టి తీసేయవచ్చు, కాని తీసేయగలగడం వేరు, తీసేయాలనుకోవడం వేరు. పంతులుగారే దారి చూపించారు. ఆ ఘట్టంలో మామగారు వరుడిని, ధర్మంలో అర్థంలో కామంలో ఈమెను దాటి వెళ్లకూడదు అని అడుగుతాడు. వరుడు "నాతిచరామి" అంటాడు, దాటను అని. అడగడమూ మాట ఇవ్వడమూ ఉంచి, దానం అనే సంకల్పవాక్యాన్ని విడిచిపెట్టారు. బావగారు కాళ్లు కడిగారు. మాట ఇచ్చేటప్పుడు, మా మేనకోడలి కోరిక మీద, ఆమె కూడా అదే మాట అతనికి ఇచ్చింది. ఇది అందరికీ నచ్చాలని నేను అనను. మా పెద్దమ్మకు నచ్చలేదు, ఆవిడ ఆ మాట పైకే చెప్పింది. ఏ ఇంటికి ఆ ఇల్లు కూర్చుని తేల్చుకోవలసిన విషయం ఇది.

సొంతం చేసుకోవడం కొత్త ఫ్యాషను అనుకునేవారు మహాసంకల్పాన్ని ఒకసారి చెవిపెట్టి వినాలి. మేరువుకు ఏ దిక్కున, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య, ఏ సంవత్సరంలో, ఏ ఋతువులో, ఏ వారం, ఏ నక్షత్రాన ఈ పెళ్లి జరుగుతోందో పూసగుచ్చినట్టు చెప్పే ఆ వాక్యం ప్రతి పెళ్లికీ వేరుగా ఉంటుంది. అమెరికాలో పెళ్లి చేయించే పురోహితులు జంబూద్వీపం, భరతవర్షం స్థానంలో క్రౌంచద్వీపం, రమణకవర్షం అని చెబుతారు. ఖండాలు దాటి వెళ్లినవారికి కూడా ఆ మంత్రంలో చిరునామా దొరికింది. భద్రాచలంలో శ్రీరామనవమి నాడు సీతమ్మకు కట్టే సూత్రాలు మూడు. పుట్టింటిదీ అత్తింటిదీ కాక, మూడోది భక్త రామదాసు చేయించినదిగా చెబుతారు. దేవుడి పెళ్లిలో కూడా ఒక తాసీల్దారు తన ప్రేమకు చోటు చేసుకోగలిగాడు.

భాష ఒకటే అయినా ఈ పని తప్పదని కూడా చెప్పాలి. వరంగల్ అమ్మాయికీ భీమవరం అబ్బాయికీ పెళ్లి కుదిరినప్పుడు, లగ్గం, ఎదుర్కోళ్లు, మైలపోలు, పుస్తెమట్టెలు, ఒడిబియ్యం అన్న మాటలు అటువైపువారికి వివరించాలి. స్నాతకం, గౌరీపూజ, అప్పగింతలు వాళ్లింట ఏ వరసలో జరుగుతాయో ఇటువైపువారికి చెప్పాలి. ఇద్దరిదీ తెలుగే కదా అన్న ధీమాతో ఎవరూ ముందుగా అడగరు, మంటపంలో మాటామాటా వస్తుంది. భాషలు వేరైన ఇళ్లలో, ఏమీ తెలియదని ఒప్పుకోవడం వల్ల అడగడం సులువవుతుంది.

మా పెళ్లిలో సప్తపది అయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. సిందూరం దిద్దినప్పుడు కొంత పొడి ఆమె ముక్కు మీద రాలింది, అది భర్త ప్రేమకు గుర్తని అటువైపు ఆడవాళ్లు సంతోషపడ్డారు. మిగిలింది అరుంధతీ దర్శనం. పగటి ముహూర్తాలకు మనం పట్టపగలే పెళ్లికూతురిని బయటికి తీసుకెళ్లి ఆకాశంలోకి వేలు చూపించి వచ్చేస్తాం. నేను చూసిన పెళ్లిళ్లలో అలా జరిగినవే ఎక్కువ. నక్షత్రాలు పొడిచాక ధ్రువుణ్ణీ అరుంధతినీ చూపించాలన్నది ఆపస్తంబుడి మాట. బెంగాలీవాళ్ల కోసం రాత్రి లగ్నం పెట్టుకున్నాం కాబట్టి ఆ మాట మాకు అనుకోకుండా దక్కింది. అందరం కల్యాణ మంటపం డాబా ఎక్కాం. గోదావరి వైపు నుంచి కొంచెం గాలి వస్తోంది. సప్తర్షి మండలం ఉత్తరాన వాయవ్యానికి ఒరిగి ఉంది. పంతులుగారు తోకలోని వసిష్ఠుణ్ణి చూపించి, పక్కనే చిన్నది చూడమన్నారు. మా మేనకోడలికి కనబడలేదు. నాయనమ్మగారు కళ్లజోడు సర్దుకుని, అమ్మాయి గడ్డం పట్టుకుని కొంచెం పైకెత్తి, "ఓయ్ జే" అన్నారు. అదిగో అని. అప్పుడు కనబడింది.